చుక్కల భూములు

చుక్కల భూములు అనగా రీసెటిల్‌మెంట్ రిజిస్టరు (ఆర్.ఎస్.ఆర్.) లో పట్టాదారు పేరు ఉండవలసిన గడిలో చుక్కలు మాత్రమే ఉన్న భూములు. ఆంధ్ర ప్రదేశ్‌లో కర్నూలు, కడప జిల్లాలతో సహా పలు జిల్లాలలో ఇవి కలవు. హక్కు తేలని కారణంగా ఇవి తక్కువ ధరకు అమ్మకానికి వస్తుంటాయి.

చరిత్ర

1800లో నిజాం కడప, బళ్ళారి ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. నవాబుల ఏలుబడిలోని కర్నూలు 1839లో కంపెనీ వశమైనది. దత్త మండలాల మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో (1800-1807) కాలంలో రైత్వారీ పద్ధతికి పునాది పడినది. ఈ పద్ధతిలో ప్రతి సర్వే నంబరుకు విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు నమోదు చేస్తారు. తరువాతి కాలపు రీసెటిల్‌మెంటులో హక్కుదారు ఎవరో తేలని భూములకు పేరుకు బదులు చుక్కలు పెట్టారు. తరతరాలుగా సాగు చేసుకొనే రైతులకు కూడా ఇందువలన హక్కు పత్రం లేకుండా పోయినది.

చట్టాలు

రిజిస్ట్రేషన్ చట్టం (1908) లోని 22-ఎ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు నిషేధిత జాబితాలో ఉంటాయి. వాటి విక్రయ పత్రాలను రిజిస్టరు చేయరు. చుక్కల భూములు కూడా ఈ జాబితాలో చేరినవి. వాటి చిక్కు తీర్చుటకు 2017లో ప్రత్యేక చట్టం చేశారు. దీని ప్రకారం కలెక్టరు అధ్యక్షతన గల జిల్లా కమిటీ దరఖాస్తులను పరిశీలిస్తుంది. 2023లో ప్రభుత్వం సుమారు 2 లక్షల ఎకరాలను నిషేధిత జాబితా నుండి తొలగించినది.

అసైన్డ్ భూములతో తేడా

భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములను రాయలసీమలో డి.కె.టి. భూములని అంటారు. వీటిలో పట్టాదారు పేరు ఉంటుంది, కాని అమ్ముకొనే హక్కు ఉండదు. 1977 నాటి చట్టం (9/1977) వీటి బదిలీని నిషేధించినది. దీనిని ఉల్లంఘించి కొన్న భూమిని ప్రభుత్వం స్వాధీనం చేసుకొనవచ్చు. 2023 సవరణ ద్వారా 20 సంవత్సరాలు దాటిన భూములపై యాజమాన్య హక్కు కల్పించారు. అయితే 2024లో ప్రభుత్వం మారిన తరువాత ఇట్టి భూముల రిజిస్ట్రేషన్లను నిలిపి విచారణ చేపట్టారు. ఈ మధ్యలో కొన్నవారి పెట్టుబడి చిక్కుకొనినది.

కొనుగోలులో నష్టభయం

ఇటువంటి భూములపై లాభం కొనుగోలుదారు నేర్పుపై కాక ప్రభుత్వ నిర్ణయంపై ఆధారపడుతుంది. నిర్ణయం అనుకూలమైతే ధర పెరుగుతుంది. ప్రతికూలమైతే పెట్టిన సొమ్ము మొత్తం పోవచ్చు. ఆలస్యమైతే వడ్డీ, కోర్టు ఖర్చులు ధరలోని తగ్గింపును హరిస్తాయి. స్పష్టమైన హక్కు లేనిదే బ్యాంకులు సాధారణంగా ఋణం ఇవ్వవు.

రిజిస్ట్రేషన్ జరిగినంత మాత్రాన యాజమాన్యం సిద్ధించదు. అమ్మినవానికి లేని హక్కు కొన్నవానికి రాదు. కోర్టులో దావా నడుస్తున్న భూమిని కొన్నవారు, దావా సంగతి తెలియకపోయినా, ఆస్తి బదిలీ చట్టం (1882) 52వ సెక్షన్ ప్రకారం తీర్పుకు కట్టుబడవలసినదే. స్వాధీనానుభవం ద్వారా ప్రభుత్వ భూమిపై హక్కు కోరుటకు లిమిటేషన్ చట్టం (1963) ప్రకారం 30 సంవత్సరాలు నిరూపించాలి. ప్రైవేటు భూమికి ఈ గడువు 12 సంవత్సరాలు.

పరిశీలించవలసినవి

కొనుగోలుకు ముందు ఆర్.ఎస్.ఆర్., అడంగల్, 1-బి, ఇ.సి. (ఋణభార ధ్రువపత్రం), 22-ఎ జాబితాలను సరిపోల్చాలి. అడంగల్‌లో అనుభవదారుగా పేరు ఉండుట సాగుకు ఆధారమే కాని యాజమాన్యానికి నిదర్శనం కాదు. వర్షాభావం వలన మెట్ట భూములు ఏళ్ళ తరబడి బీడుగా ఉండే ఈ ప్రాంతంలో, భూమి వద్దకు వెళ్ళి హద్దులను, సాగులో ఉన్నవారిని స్వయంగా విచారించుట కూడా అవసరం.