మూడు నెలల షుగర్ లెక్క

క్యాంపులో షుగర్ టెస్ట్ ఉందంటే రెండ్రోజుల ముందే చాయ్‌లో చక్కెర బంద్ పెట్టేవాళ్లు మనలో చాలామంది. వేలికి గుచ్చి చూసే టెస్ట్ ఆ పూట లెక్కే చెబుతుంది కాబట్టి ఆ ఉపాయం కొంత పారుతుంది. హెచ్‌బీఏ1సీ దగ్గర పారదు.

రక్తంలోని షుగర్ ఎర్రకణాలకు అంటుకుంటుంది. ఆ కణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. అందుకే ఇది గడిచిన రెండు మూడు నెలల సగటు చూపిస్తుంది. కామర్స్ చదివిన నా లెక్కలో అది జేబులో పైసలు, ఇది పాస్‌బుక్. పరగడుపున పోనక్కర్లేదు, డ్యూటీ దిగి కూడా రక్తం ఇవ్వొచ్చు. 5.7 శాతం లోపు మామూలే. 6.5, ఆపైన అయితే షుగర్ జబ్బు. నడుమ ఉంటే జాగ్రత్తపడాలి. ఒంట్లో రక్తం తక్కువున్న అక్కలు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి, లెక్క తప్పొచ్చు.

"షుగరుందని తెలిస్తే వీసా పోదా?" అనేదే అసలు భయం. యూఏఈలో వీసా మెడికల్‌లో చూసేది టీబీ, హెచ్‌ఐవీ లాంటి అంటురోగాలు. ఇన్సూరెన్స్ ఖర్చు కంపెనీదో కఫీల్‌దో, జీతంలో కోయకూడదు. కార్డు మీ దగ్గరే పెట్టుకోండి. ఊరి నుంచి తెచ్చుకున్న గోలీలే మింగుతున్నా సరే, షుగర్ అదుపులో ఉంటే ఏడాదికి రెండుసార్లు, లేకుంటే మూడు నెలలకోసారి ఈ టెస్ట్ రాయమని డాక్టర్ని అడగండి.