మోడల్‌ సరిపోయిందా? తేల్చే పని మీది!

రాజమహేంద్రవరంలోనో, భీమవరంలోనో, అమలాపురంలోనో బీఎస్సీ స్టాటిస్టిక్స్‌ చదువుతూ ‘దీనికి ఉద్యోగాలెక్కడ?’ అనుకుంటున్నారా? వైద్య పరిశోధనవైపు ఓసారి చూడండి. అక్కడ మోడల్‌ కట్టేవాళ్లే కాదు, ఆ మోడల్‌ డేటాకు సరిపోయిందో లేదో తేల్చే సాఫ్ట్‌వేర్‌ రాసేవాళ్లూ కావాలి.

సరిపోవడమంటే?

ధవళేశ్వరం దగ్గర రేపు నీటిమట్టం 11 అడుగులని ఒక మోడల్‌ చెప్పింది, వచ్చింది 12 అనుకోండి. ఆ అడుగు తేడాయే రెసిడ్యువల్‌. తేడా ఒకసారి అటు, ఒకసారి ఇటు వస్తే పర్లేదు. వరద పెరిగిన ప్రతిసారీ మోడల్‌ తక్కువే చెబుతోందంటే అది ఏదో వదిలేసినట్టే. అక్కడ 11.75 అడుగులకే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు మరి!

ప్రాణాలతో ముడిపడిన లెక్క

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు జెఫిటినిబ్‌ మాత్రను కీమోతో పోల్చిన ఐపాస్‌ ట్రయల్‌ ఫలితాలు 2009లో వచ్చాయి. మొత్తమ్మీద హజార్డ్‌ రేషియో 0.74. అంటే మాత్రే మెరుగనిపిస్తుంది. కానీ ఇలాంటి లెక్కలకు వాడే కాక్స్‌ మోడల్‌, ఈ రేషియో మొదట్నుంచి చివరిదాకా మారదని అనుకుంటుంది. ఇక్కడ రెండు గ్రాఫ్‌లూ మధ్యలో ఒకదాన్నొకటి దాటేశాయి. ఈజీఎఫ్‌ఆర్‌ జన్యు మార్పు ఉన్నవారిలో రేషియో 0.48, లేనివారిలో 2.85! ఒక్క అంకెనే నమ్మి అందరికీ మాత్ర ఇస్తే ఈ రెండోవారి గతేంటి?

పరీక్ష వెనక మన రావు

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్‌.రావు 1948లో స్కోర్‌ టెస్ట్‌ను ప్రతిపాదించారు. ఇవాళ ‘ఆర్‌’ భాషలోని సర్వైవల్‌ ప్యాకేజీలో కాక్స్‌ మోడల్‌ను తనిఖీ చేసే ‘కాక్స్‌.జెడ్‌పీహెచ్‌’ ఫంక్షన్‌ వాడేది స్కోర్‌ టెస్టునే.

ఇలా మొదలుపెట్టండి

* ‘ఆర్‌’ ఉచితం. సర్వైవల్‌ ప్యాకేజీలో 137 మంది రోగుల ‘వెటరన్‌’ డేటా ఉంటుంది. రోగి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో చెప్పే కార్నోఫ్‌స్కీ స్కోరు ప్రభావం అందులో కాలంతో పాటు మారిపోతుంది. దాన్ని పట్టుకోండి.

* తర్వాత తనిఖీ ఫంక్షన్‌ మీరే రాయండి. మోడల్‌ నిజమయ్యేలా 1000 డేటాసెట్లు కంప్యూటర్‌లో సృష్టించండి. 5 శాతం స్థాయిలో సుమారు 50 సార్లు మాత్రమే ‘సరిపోలేదు’ అనాలి. 200 సార్లు అంటే మీ ఫంక్షన్లోనే లోపముంది.

* ఇప్పుడు కావాలనే మోడల్‌ చెడగొట్టి, ఎన్నిసార్లు పట్టిందో చూడండి. కోడ్‌, వివరణ గిట్‌హబ్‌లో పెట్టండి.

చదువు, కొలువు

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌కు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. ఐఐటీలకు జామ్‌లో మ్యాథమెటికల్‌ స్టాటిస్టిక్స్‌ పేపరు, ఐఎస్‌ఐలో ఎంస్టాట్‌కు దాని ప్రవేశపరీక్ష రాయాలి. బయోస్టాటిస్టీషియన్‌, స్టాటిస్టికల్‌ ప్రోగ్రామర్‌ పేర్లతో హైదరాబాద్‌, బెంగళూరుల్లోని ఫార్మా, క్లినికల్‌ పరిశోధన సంస్థల్లో ఉద్యోగాలుంటాయి. ‘ఆర్‌’తో పాటు శాస్‌ కూడా నేర్చుకుంటే మేలు.

ఇంటర్వ్యూలో పీ-వాల్యూ ఎంతో చాలామంది చెప్పేస్తారు. ‘ఈ మోడల్‌ను ఎందుకు నమ్మాలి?’ అని అడిగినప్పుడు తెరిచి చూపించడానికి మీ దగ్గర మీరు రాసిన ప్రోగ్రామ్‌ ఒకటుండాలి.