పాప్‌కార్న్ మెషిన్ ఇంటికొస్తే

గూడూరు అంటే రైల్వే జంక్షన్ ఉన్న గూడూరు అనుకునేరు. మాది కర్నూలు జిల్లా గూడూరు. బొరుగులు, ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, జొన్నరొట్టె మా తిండి. అలాంటి ఊళ్లో వంటింటి గట్టు మీద అద్దాల పెట్టె, లోపల వేలాడే చిన్న గిన్నె, పైన పసుపు బల్బు ఉన్న పాప్‌కార్న్ మెషిన్ పెట్టుకుంటే చూడటానికొచ్చిన వాళ్లందరూ ముందు అడిగే ప్రశ్న "ఎంత పడింది?" అని. రెండో ప్రశ్న "కరెంటు బిల్లు ఎంతొస్తాది?" అని. మూడోది మాత్రం ఇంజినీరింగ్ చదువుతున్నందుకు నన్నే అడుగుతారు: "ఏమ్రా, కుక్కర్లో వేసినా పేలతాయి గదా, దీనికి మెషిన్ ఎందుకు?"

మూడో ప్రశ్నకు జవాబు దొరికితే మొదటి రెండూ తేలిపోతాయి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

పాప్‌కార్న్ గింజ అసలు తనే ఒక ప్రెజర్ కుక్కర్. గట్టి పొట్టు, దాని లోపల పిండి పదార్థం, ఆ పిండిలో సుమారు 14 శాతం చెమ్మ. వేడి చేస్తే ఆ చెమ్మ ఆవిరి కావాలని చూస్తుంది, పొట్టు పోనివ్వదు. మన ఇంట్లో కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల బయటి గాలి కంటే సుమారు ఒక బార్ ఎక్కువ ఒత్తిడి ఉంటుంది. గింజ లోపల 180 డిగ్రీల దగ్గర అది సుమారు తొమ్మిది బార్ ఎక్కువ. నీటి ఆవిరి పట్టిక తెరిచి 180 డిగ్రీల వరుస చూడండి, పది బార్ అని కనిపిస్తుంది. థర్మోడైనమిక్స్ పరీక్ష ముందు రాత్రి మనం తిట్టుకుంటూ తిరగేసే పట్టిక అదే. అక్కడ పొట్టు పగులుతుంది, ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, మెత్తబడిన పిండి నురుగులా ఉబ్బి అట్లే చల్లబడి గట్టిపడుతుంది. 2015లో ఇమాన్యుయెల్ విరో, అలెగ్జాండర్ పొనొమరెంకో అనే ఇద్దరు ఫ్రాన్స్ పరిశోధకులు హైస్పీడ్ కెమెరాతో ఇది చూశారు. ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర మూడో వంతు గింజలే పేలితే, 180 దగ్గర 96 శాతం పేలాయట. పిండి ముందు ఒక కాలులా బయటికొచ్చి గిన్నెను తన్నితే గింజ పైకెగురుతుందనీ, 'టప్' అనే చప్పుడు పొట్టు పగిలినందుకు కాదు, ఆవిరి బయటపడినందుకనీ కూడా వాళ్లే చెప్పారు.

ఇంకో సంగతి. పొట్టు ఎంత గట్టిదైనా గింజ మొన దగ్గర ఆవిరి నెమ్మదిగా జారిపోయే దారి ఉంటుంది. వేడి మెల్లగా ఎక్కితే ఆవిరి ఆ దారిన పోతుంది, గింజ పేలదు, రాయిలా మిగులుతుంది. మరీ ఎక్కువ వేడిలో వేస్తే పైన మాడి లోపల పిండి ఉడకక ముందే పొట్టు పగులుతుంది. అంటే వేడి త్వరగా అందాలి, అన్ని గింజలకూ సమానంగా అందాలి, ఏ గింజా ఒకే చోట కూర్చోకూడదు. మెషిన్ చేసే పని ఇంతే. గిన్నె అడుగున హీటర్, గిన్నెలో నెమ్మదిగా తిరిగే గరిటె, వేడిని గింజ చుట్టూ పట్టి ఉంచే నూనె.

బొరుగుల బట్టీ చూసినవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు. అక్కడ నూనె బదులు ఇసుక. ఎర్రగా కాలిన ఇసుకలో బియ్యం పోసి గరిటెతో తిప్పి క్షణాల్లో జల్లెడలోకి ఎత్తుతారు. ఇసుక అయినా నూనె అయినా చేసే పని ఒకటే, గింజకూ గిన్నెకూ మధ్య గాలి ఖాళీ లేకుండా చూడటం. షికాగోలో చార్లెస్ క్రెటర్స్ 1893 ప్రపంచ ప్రదర్శనలో పెట్టిన ఆవిరి ఇంజన్ పాప్‌కార్న్ మెషిన్ పేరు తెచ్చుకున్నది ఇందుకే: నూనెలో పేల్చడం, మనిషి చెయ్యి అక్కరలేకుండా తిప్పడం. ఈనాటి గట్టు మీది మెషిన్ దాని మనవడు. ఇంజన్ పోయి మోటరు వచ్చింది, అంతే.

ఇక కొనాలనుకునేవాళ్ల మాట. బజారులో రెండు రకాలున్నాయి. ఒకటి వేడి గాలి ఊదేది. హెయిర్ డ్రయ్యర్ అన్నలాంటిది, నూనె అక్కరలేదు, చిన్నది, చవక. ఉప్పు మాత్రం దానికి అంటదు, ఎండు అట్టముక్క నమిలినట్టుంటుందని మా ఇంట్లో తీర్పు. రెండోది గిన్నె రకం, సినిమా హాల్లో ఉండేదాని బుల్లి రూపం. డబ్బా మీద నాలుగు ఔన్సులు, ఎనిమిది ఔన్సులు అని రాసి ఉంటుంది. అది బయటికొచ్చే పాప్‌కార్న్ బరువు కాదు, ఒక్కసారి పోసే పచ్చి గింజల బరువు. ఎనిమిది ఔన్సులంటే సుమారు 225 గ్రాములు. మంచి గింజ గ్రాముకు 40 మిల్లీలీటర్ల దాకా ఉబ్బుతుంది కాబట్టి తొమ్మిది లీటర్లు, అంటే పెద్ద బిందె నిండా. నలుగురున్న ఇంటికి అది పెళ్లి వంట. నాలుగు ఔన్సులది చాలు.

కొనేముందు డబ్బా మీద ఔన్సుల కంటే ముందు చూడాల్సింది వాట్లు. మన ఇళ్లలో మామూలు చిన్న ప్లగ్గు ఆరు ఆంపియర్లది. 230 వోల్టులతో గుణిస్తే 1380 వాట్లు, అదీ కాగితం మీద. 1400 వాట్ల మెషిన్‌ను చిన్న ప్లగ్గుకో, ఎక్స్‌టెన్షన్ బోర్డుకో తగిలిస్తే ముందు వాసన వస్తుంది, తరువాత బోర్డు కరుగుతుంది. పదహారు ఆంపియర్ల సాకెట్, ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి. బయట అంతా లోహపు పెట్టె, లోపల హీటరు, చుట్టూ నూనె చేతుల పిల్లలు. ఎర్త్ పిన్ను విరగ్గొట్టి వాడే అలవాటు ఈ వస్తువు దగ్గర మాత్రం వద్దు.

కరెంటు బిల్లు సంగతికొస్తే భయపడాల్సింది లేదు. వంద గ్రాముల గింజలను, వాటితో వేసే నూనెను 30 డిగ్రీల నుంచి 180కి తెచ్చి చెమ్మను ఆవిరి చేయడానికి లెక్క వేస్తే సుమారు 60 కిలోజౌళ్లు. 800 వాట్ల మెషిన్ నాలుగు నిమిషాలు నడిస్తే తీసుకునేది 192 కిలోజౌళ్లు. మూడింట రెండొంతులు గిన్నెకు, గాలికి పోతోందన్నమాట. అయినా అది 0.053 యూనిట్. ముందు గిన్నె వేడెక్కే టైము కలిపినా పదో వంతు యూనిట్. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా అరవై పైసలు. కిలో గింజలు 160 రూపాయలనుకుంటే వంద గ్రాములకు పదహారు, నూనెకు ఇంకో ఐదారు. ఇరవై రెండు, ఇరవై మూడు రూపాయలకు నాలుగు లీటర్ల గిన్నె నిండుతుంది. మల్టీప్లెక్స్‌లో ఆ సైజు టబ్ ధర మీకు తెలుసు, నేను రాసి బాధపెట్టను. దీని మీద పన్ను కూడా ఆమధ్య తమాషాగానే ఉండేది. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశం ఉప్పూ మసాలా వేసి విడిగా అమ్మితే 5 శాతం, ప్యాకెట్ కట్టి లేబుల్ వేస్తే 12, చక్కెర పాకం పట్టిస్తే 18 అని వివరణ ఇచ్చింది. దేశమంతా వారం రోజులు నవ్వుకుంది.

బిల్లు కంటే మా ఊళ్లో పెద్ద సమస్య వోల్టేజీ. సాయంత్రం ఏడు గంటలకు, అందరి ఇళ్లలో అన్నీ వేసి ఉన్నప్పుడు, 230 ఉండాల్సిన చోట 190 వచ్చిందనుకోండి. హీటరు శక్తి వోల్టేజీ వర్గానికి అనుపాతంలో ఉంటుంది. 190ని 230తో భాగించి వర్గం చేస్తే 0.68. వెయ్యి వాట్ల హీటరు 680 వాట్లే ఇస్తుంది. చుట్టూ గాలికి పోయే వేడి మాత్రం ఏమీ తగ్గదు కాబట్టి గింజకు అందేది ఇంకా తక్కువ. వేడి మెల్లగా ఎక్కుతుంది, ఆవిరి మొన దారిన జారిపోతుంది, సగం గింజలు రాళ్లవుతాయి. "మెషిన్ పాడైంది, షాపుకు తీసుకుపోదాం" అనేముందు మల్టీమీటరు పెట్టి వోల్టులు చూడండి. అదే మెషిన్ పొద్దున పదకొండుకు చక్కగా పని చేస్తుంది. సాయంత్రమే కావాలంటే గిన్నె బాగా వేడెక్కాక, మామూలుగా పోసే గింజల్లో సగమే పోయాలి.

రెండో సమస్య మన ఎండ. కర్నూలు ఏప్రిల్, మే నెలల సంగతి తెలియనిది ఎవరికి? గాలిలో చెమ్మే ఉండదు. సంచి మూతి విప్పి అట్లే వదిలేసిన గింజలు నెలలోపే ఎండి, 14 శాతం చెమ్మ కాస్తా 11కు దిగితే ఎంత మంచి మెషిన్ అయినా ఏమీ చేయలేదు. పేలినవి కూడా చిన్నగా, గట్టిగా వస్తాయి. దీనికి మందు చవక. అర కిలో గింజల్లో 11 శాతం చెమ్మ ఉంటే పొడి పదార్థం 445 గ్రాములు. దాన్ని 14కు తేవాలంటే మొత్తం 517 గ్రాములు కావాలి, అంటే 17 మిల్లీలీటర్ల నీళ్లు. టేబుల్ స్పూను కంటే రొంత ఎక్కువ. గాజు సీసాలో గింజలు, ఆ నీళ్లు పోసి మూత బిగించి, రోజుకు రెండు మూడు సార్లు ఊపుతూ మూడు నాలుగు రోజులుంచితే నీళ్లు లోపలికి ఇంకుతాయి. ఎక్కువ పోస్తే పొట్టు మెత్తబడి తొందరగా పగులుతుంది, పాప్‌కార్న్ సాగుతుంది, బూజు భయం కూడా.

ఈ లెక్క చెబుతుంటే మా అవ్వ నవ్వింది. తొలి ఏకాదశికి పేలాల పిండి చేయాలంటే ముందు రోజు రాత్రే జొన్నల మీద నీళ్లు చిలకరించి, గుడ్డలో మూట కట్టి పెట్టి, పొద్దున మంగలంలో పేల్చేదంట. "చెమ్మ పట్టకుంటే యాడ పేలతాయిరా" అంది. శాతాలు లేకుండానే సంగతి తెలుసు. ఆ జొన్నలను మెషిన్‌లో వేసి చూశాం. గింజ చిన్నది కావడంతో తిరిగే గరిటె కింద సందులోకి జారి అడుగునే మాడుతుంది. పేలినవి మాత్రం ముత్యాల్లా తెల్లగా, చిన్నగా బాగుంటాయి. గాలి ఊదే రకంలో వేస్తే ఇంకా తమాషా, తేలిక కావడంతో పేలకముందే బయటికి ఎగిరిపోతాయి. జొన్నలకు మంగలమే సరి.

వాడే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను, పది రోజుల్లో చేతికి వస్తుంది. మూడు కొలతల గింజలకు ఒక కొలత నూనె. మనకు బుడ్డల నూనె ఉండనే ఉంది; రిఫైన్డ్ అయితే 230 డిగ్రీల దగ్గరగానీ పొగ రాదు. వెన్న వేయాలనిపిస్తుంది గానీ అది 150 దగ్గరే మాడుతుంది, నెయ్యయితే తట్టుకుంటుంది. ఉప్పు రాళ్లుగా వేస్తే అన్నీ పెట్టె అడుగుకే చేరతాయి. మిక్సీలో పిండిలా చేసి, చిటికెడు పసుపు కలిపి గింజలతోనే వేస్తే సినిమా హాలు రంగు, రుచి వస్తాయి. చప్పుడుకూ చప్పుడుకూ మధ్య రెండు మూడు సెకన్లు ఖాళీ వచ్చిందంటే గిన్నె వంచి, హీటరు ఆపేయండి. అద్దం తలుపు రొంత తెరిచి ఉంచితే ఆవిరి పోయి కరకరలాడుతుంది. గింజలకు శత్రువైన మన పొడి గాలి పేలిన పాప్‌కార్న్‌కు మాత్రం చుట్టం. విశాఖలో అరగంటలో మెత్తబడేది ఇక్కడ సాయంత్రం దాకా ఉంటుంది.

గిన్నెను నీళ్లలో ముంచి కడగకూడదు, హీటరు దానికే అతికి ఉంటుంది. ప్లగ్గు తీసి, గోరువెచ్చగా ఉన్నప్పుడే తడి గుడ్డతో తుడవాలి. దోసె పెనం నల్లబడితే మంచిదే, ఇక్కడ మాత్రం ఆ నల్ల పొర మందమయ్యేకొద్దీ వేడికి అడ్డం పడుతుంది, ప్రతి బ్యాచ్‌కూ కమురు వాసన అంటిస్తుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. గిన్నె వెనకాల థర్మోస్టాట్‌తో పాటు చిన్న థర్మల్ ఫ్యూజు ఉంటుంది. థర్మోస్టాట్ అతుక్కుపోయి వేడి హద్దు దాటితే ఈ ఫ్యూజు ఒక్కసారి తెగి కరెంటు ఆపుతుంది, మళ్లీ అతుక్కోదు. మెషిన్ ఒక్కసారిగా చల్లగా ఊరుకుంటే చాలాసార్లు కారణం ఇదే. రిపేరుకిస్తే దాన్ని తీసి, రెండు వైర్లు కలిపి మెలిపెట్టి "అయిపోయింది సార్" అనేవాళ్లున్నారు. మెషిన్ నడుస్తుంది. కానీ ఈసారి థర్మోస్టాట్ అతుక్కుంటే ఆపేది ఏదీ లేదు, గిన్నెలో ఉన్నదేమో నూనె. అదే రేటింగు ఉన్న ఫ్యూజు పదులు, వందల రూపాయల వస్తువు. అది ఎందుకు తెగిందో కూడా చూసి, థర్మోస్టాట్ బాగోకపోతే మార్చమని అడగండి. రిపేరు నుంచి వచ్చిన మెషిన్ వెనక మూత తీయించి చూడటానికి మొహమాటపడొద్దు. నూనె అంటుకుంటే నీళ్లు పోయకుండా మెయిన్ ఆపి, గిన్నె మీద లోహపు మూత వేయాలి.

పిల్లలున్న ఇళ్లలో ఇంకొకటి. నాలుగేళ్ల లోపు వాళ్లకు పాప్‌కార్న్ పెట్టొద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. పేలని గింజ, పొట్టు ముక్క గొంతులో అడ్డం పడతాయి. బుడ్డలకూ అదే మాట. మెషిన్ చుట్టూ చేరేది ముందు వాళ్లే కాబట్టి మేం దాన్ని గట్టు చివర నుంచి గోడ మూలకు జరిపాం, వైరు కిందికి వేలాడకుండా వెనక్కి కట్టాం. చిన్నోళ్లకు విడిగా బొరుగుల్లో బెల్లం కలిపి పెడుతున్నాం.

మిగిలిపోయిన పాప్‌కార్న్‌తో ఉగ్గాని చేస్తే ఎట్లుంటుందని మా చిన్నాన్న ఒకసారి నీళ్లలో వేసి చూశాడు. బొరుగులు నీళ్లు పీల్చి మెత్తబడినా రూపు నిలుపుకుంటాయి. పాప్‌కార్న్ నురుగు కదా, కరిగి గంజి అయింది.