పదమూడు క్లబ్బుల పనివాడు

ప్రతి సంవత్సరం కళాశాల ఫుట్‌బాల్ జట్టును ఎంపిక చేసే దినాన మేము ఒక దృశ్యాన్ని తప్పక చూస్తుంటాము. "ఏ స్థానంలో ఆడతావు?" అని ప్రశ్నిస్తే, వచ్చిన విద్యార్థులలో అధికసంఖ్యాకులు "ఫార్వర్డ్, సార్" అంటారు. గోలు కొట్టినవాడి పేరే మరునాడు తరగతి గదులలో వినిపిస్తుందని వారికి తెలుసు. వెనుక నిలిచి కాపాడతామనేవారు కొందరైనా దొరుకుతారు. మైదానం మధ్యలో నిలిచి, ముందుకూ వెనుకకూ పరుగెత్తుతూ, ఇతరులకు బంతిని అందించే పనికి తనంతట తానుగా ముందుకు వచ్చేవాడు మాత్రం అరుదు. ఆ పనినే వృత్తిగా స్వీకరించి, రెండు దశాబ్దాలకు పైగా దానితోనే జీవించిన ఒక ఆంగ్లేయ క్రీడాకారుని చరిత్రను ఈ సంచిక పాఠకులకు పరిచయం చేయాలని మా సంకల్పం. అతని పేరు నీల్ రెడ్‌ఫెర్న్. ఆ పేరు మన పాఠకులలో చాలామంది విని ఉండరు. వ్రాయవలసి రావడానికి అదే కారణం.

ఇటువంటి ఆటగాణ్ణి ఆంగ్లేయులు 'జర్నీమన్' అంటారు. 'జర్నీ' అంటే ప్రయాణం కనుక, ఊరూరా తిరిగేవాడని అర్థం చెప్పుకోవడం సహజమే. కాని ఆ పదం పుట్టుక వేరు. ఫ్రెంచి భాషలో 'జూర్నే' అంటే ఒక దినం, ఒక దినపు పని. పూర్వం యూరపులోని వృత్తిసంఘాలలో పని నేర్చుకునే బాలుడు మొదటి మెట్టు, సొంత దుకాణం గల గురువు చివరి మెట్టు. ఈ రెంటికీ నడుమ, పని పూర్తిగా నేర్చినా సొంత దుకాణం లేక, దినవేతనానికి ఇతరుల వద్ద పనిచేసేవాడే జర్నీమన్. మన ఊళ్ళలోని దర్జీ దుకాణాలలో, వడ్రంగి కొట్లలో ఈ మూడు మెట్లూ మనకు పరిచితమైనవే: షాగిర్దు, కారీగరు, ఉస్తాదు.

క్లబ్బులు మారిన ఆటగాళ్ళు మనకు కొత్త కాదు. హైదరాబాదు నుండి కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ అనే మూడు పెద్ద క్లబ్బులకూ ఆడిన కీర్తిశేషులు మహమ్మద్ హబీబ్ పేరు మన ప్రాంతపు క్రీడాభిమానులందరూ ఎరిగినదే. కాని హబీబ్ దేశానికి ఆడిన మహాక్రీడాకారుడు. పెద్ద క్లబ్బులే ఆయనను వెదుక్కుంటూ వచ్చాయి. రెడ్‌ఫెర్న్ ఇంగ్లండు జాతీయ జట్టుకు ఒక్కసారి కూడా ఆడినవాడు కాడు. అందుచేత అతని మార్గం వేరు.

ఆ మార్గాన్ని అర్థం చేసుకోవాలంటే ఇంగ్లండు లీగు నిర్మాణం కొంత తెలియాలి. అక్కడ 92 క్లబ్బులు నాలుగు శ్రేణులుగా ఉంటాయి. సంవత్సరాంతంలో ప్రతి శ్రేణిలోనూ చివర నిలిచినవి కొన్ని కిందికి దిగుతాయి. కింది శ్రేణిలో ముందు నిలిచినవి పైకి ఎక్కుతాయి. 1992 వరకు వీటిని మొదటి, రెండవ, మూడవ, నాల్గవ డివిజన్లు అనేవారు. ఆ సంవత్సరం మొదటి డివిజన్ విడిపోయి ప్రీమియర్ లీగు అయింది. పై శ్రేణికి ధనం, కీర్తి. కింది శ్రేణులకు వానలో తడిసిన మైదానాలు, కొద్దివేల మంది ప్రేక్షకులు. ఒక మెట్టు దిగితే క్లబ్బు ఆదాయం తగ్గుతుంది, ఆటగాళ్ళను అమ్ముకోవలసి వస్తుంది. ఒక మెట్టు ఎక్కితే ఉన్నవారు చాలరని కొత్తవారిని కొనవలసి వస్తుంది. ఎక్కినా దిగినా స్థానచలనం పాలయ్యేవాడు సామాన్యపు ఆటగాడే.

ఇక ఆటగాని హక్కుల సంగతి. 1961 వరకు ఇంగ్లండులో ఎంతటి ఆటగాడికైనా వారానికి 20 పౌండ్లకు మించి జీతం ఇవ్వకూడదని నియమం ఉండేది. ఒప్పందకాలం ముగిసినా, క్లబ్బు విడిచిపెడితే తప్ప ఆటగాడు మరొకచోటికి వెళ్ళే వీలు లేదు. జార్జి ఈస్ట్‌హామ్ అనే ఆటగాడు న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, ఈ పద్ధతి వృత్తిస్వేచ్ఛకు అన్యాయమైన ప్రతిబంధకమని 1963లో తీర్పు వచ్చింది. 1995లో బెల్జియం ఆటగాడు బోస్మాన్ వ్యాజ్యంలో యూరపు న్యాయస్థానం, ఒప్పందం ముగిసినవానిపై క్లబ్బు వెల కోరరాదని నిర్ణయించింది. రెడ్‌ఫెర్న్ వృత్తిజీవితంలో అధికభాగం ఈ రెండు తీర్పుల నడుమ గడిచింది. విద్యార్థులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఫలానా ఆటగాణ్ణి ఇన్ని లక్షలకు కొన్నారని పత్రికలలో చదువుతాము. ఆ ధనం ఒక క్లబ్బు మరొక క్లబ్బుకు చెల్లించేది; ఆటగానికి దక్కేది ఒప్పందం ప్రకారం జీతభత్యాలే.

రెడ్‌ఫెర్న్ 1965లో యార్క్‌షైర్‌లోని డ్యూస్‌బరీ పట్టణంలో జన్మించాడు. బాల్యంలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్బులో షాగిర్దుగా చేరాడు. 1979, 1980 సంవత్సరాలలో వరుసగా యూరపు విజేతగా నిలిచిన క్లబ్బు అది. అటువంటి చోట చేరే బాలురలో పెద్ద జట్టు దాకా వెళ్ళేవారు బహుకొద్దిమంది. రెడ్‌ఫెర్న్‌కూ అక్కడ స్థానం దొరకలేదు. పదిహేడేళ్ళ వయస్సులో, 1982లో, బోల్టన్ క్లబ్బుకు వచ్చాడు. అక్కడి నుండి 1984లో సుమారు 8 వేల పౌండ్లకు లింకన్ సిటీకి మారాడు. ఆ క్లబ్బుకు సరిగ్గా 100 లీగు ఆటలు ఆడాడు.

లింకన్‌లో అతడున్న కాలంలోనే ఇంగ్లండు ఫుట్‌బాల్ చరిత్రలోని మహావిషాదాలలో ఒకటి జరిగింది. 1985 మే 11న లింకన్ జట్టు బ్రాడ్‌ఫర్డ్ సిటీ మైదానంలో ఆడుతున్నది. బ్రాడ్‌ఫర్డ్ మూడవ డివిజన్ విజేతగా కప్పు అందుకున్న పండుగదినమది. మొదటి సగం ముగియవస్తున్న వేళ పాత చెక్క స్టాండుకు నిప్పంటుకుని కొద్ది నిమిషాలలోనే యావత్తూ దగ్ధమైనది. 56 మంది ప్రాణాలు కోల్పోయారు. కింది శ్రేణి క్లబ్బుల మైదానాలు ఎంత జీర్ణస్థితిలో ఉండేవో ఆనాడు లోకానికి తెలిసింది. ఆట చూడటానికి వచ్చినవారి భద్రతకు ధనం లేదనడం ఎంతటి నేరమో కూడా తెలిసింది.

1986లో లింకన్ నాల్గవ డివిజన్‌కు దిగిపోగా రెడ్‌ఫెర్న్ డాంకాస్టర్ క్లబ్బుకు వెళ్ళి, ఒక్క సంవత్సరంలో 46 ఆటలు ఆడి 14 గోల్స్ చేశాడు. మైదానం మధ్యలో ఆడేవాడికి ఇది గొప్ప సంఖ్య. మన పెద్దలు హాఫ్‌బ్యాక్ అని పిలిచిన ఈ స్థానంలోని వాడు రెండు పనులు చేయాలి. ప్రత్యర్థులు దాడికి వస్తే వెనుకకు పరుగెత్తి అడ్డుకోవాలి. బంతి తమకు చిక్కగానే ముందుకు సాగి దాడికి తోడు కావాలి. ఒక్క ఆటలో పది కిలోమీటర్లకు పైగా పరుగెత్తడం అతనికి మామూలు. రెడ్‌ఫెర్న్‌లో ఈ ఓపికకు తోడు దూరం నుండి గురిచూసి కొట్టే పాదబలం, పెనాల్టీ వేళ చలించని మనస్సు ఉన్నాయి.

1987లో రెండవ డివిజన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ అతనిని సుమారు లక్ష పౌండ్లకు కొన్నది. 1988 నవంబరులో అతడు వాట్‌ఫర్డ్‌కు మారాడు. ఆ ఆటలకాలం ముగిసేసరికి, అంటే 1989లో, ప్యాలెస్ మొదటి డివిజన్‌కు ఎక్కింది. తాను కొంతవరకు మోసిన పల్లకి తాను దిగిన తరువాత గమ్యం చేరింది.

1990 జనవరిలో ఓల్డ్‌హామ్ అథ్లెటిక్‌కు వచ్చాడు. నూలు మిల్లులతో పేరుపొందిన ఆ పట్టణపు జట్టు 1923 నుండి మొదటి డివిజన్ ముఖం చూడలేదు. 1991 మే 11న, అంటే బ్రాడ్‌ఫర్డ్ విషాదానికి సరిగ్గా ఆరేళ్ళకు, ఆ ఆటలకాలపు చివరి పోటీ జరిగింది. ఓల్డ్‌హామ్ పైశ్రేణికి వెళ్ళడం అప్పటికే ఖాయమైనది. తేలవలసింది విజేత కప్పు ఎవరిదన్నదే. షెఫీల్డ్ వెన్స్‌డే 2 గోల్స్ ముందు ఉన్నది. ఓల్డ్‌హామ్ పట్టుదలతో రెండింటినీ సమం చేసింది. 90 నిమిషాలూ గడిచి అదనపు క్షణాలు నడుస్తుండగా పెనాల్టీ లభించింది. బంతిని తీసుకున్నవాడు రెడ్‌ఫెర్న్. గోలు పడింది, ఓల్డ్‌హామ్ 3-2తో గెలిచి డివిజన్ విజేత అయింది.

68 సంవత్సరాల నిరీక్షణ ఫలించింది. కప్పు తెచ్చిన పాదానికి మాత్రం ఆ పైమెట్టుపై స్థానం నిలవలేదు. కొద్ది నెలలకే, 1991 సెప్టెంబరులో, సుమారు లక్షన్నర పౌండ్లకు అతనిని బార్న్‌స్లీకి అమ్మివేశారు. బార్న్‌స్లీ ఉన్నది రెండవ డివిజన్‌లోనే. అప్పటికి అతనికి 26 ఏళ్ళు. అది అతని ఏడవ లీగు క్లబ్బు.

ఇటువంటి సమయంలో మనిషి రెండు విధాలుగా ప్రవర్తించవచ్చు. లోకం తన విలువ గుర్తించలేదని చేతులు ముడుచుకుని కూర్చోవచ్చు; లేదా దొరికిన చోట పని మొదలుపెట్టవచ్చు. రెడ్‌ఫెర్న్ రెండవ మార్గం పట్టాడు. ఏడు సంవత్సరాలు, 292 లీగు ఆటలు, 71 గోల్స్: ఇది బార్న్‌స్లీలో అతని లెక్క. మన సింగరేణి పట్టణాల వలె బార్న్‌స్లీ బొగ్గుగనుల ఊరు. 1984-85 నాటి మహాసమ్మె ఓటమితో ముగిసిన పిమ్మట గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఊరంతా ఒక్కటై గర్వించడానికి మిగిలినది ఆ ఫుట్‌బాల్ జట్టు. 1887లో స్థాపితమైన ఆ క్లబ్బు 110 సంవత్సరాలలో ఒక్కసారైనా అగ్రశ్రేణికి చేరలేదు. 1997 ఏప్రిల్ 26న బ్రాడ్‌ఫర్డ్ సిటీని 2-0తో ఓడించి ఆ లోటు తీర్చుకుంది. జట్టు నాయకుడు రెడ్‌ఫెర్న్.

1997 ఆగస్టు 9న బార్న్‌స్లీ ప్రీమియర్ లీగులో తన మొదటి ఆట వెస్ట్‌హామ్‌తో ఆడింది. ఆ క్లబ్బుకు అగ్రశ్రేణిలో తొలి గోలు చేసిన గౌరవం 32 ఏళ్ళ రెడ్‌ఫెర్న్‌కు దక్కింది. ఆ ఆటలో బార్న్‌స్లీ 2-1తో ఓడింది. ఆ సంవత్సరం మొత్తం అట్లాగే గడిచింది. చెల్సీ చేతిలో 6-0, మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 7-0 పరాజయాలు. మరొకవైపు లివర్‌పూల్‌పై వారి సొంత మైదానంలోనే విజయం, కప్పు పోటీలో అదే మాంచెస్టర్ యునైటెడ్‌పై 3-2 గెలుపు. చివరికి 19వ స్థానంలో నిలిచి బార్న్‌స్లీ కిందికి దిగింది. లీగులో 10 గోల్స్‌తో జట్టులో అందరికంటే ముందు ఉన్నవాడు ఫార్వర్డ్ కాదు, మధ్యస్థానపు రెడ్‌ఫెర్న్.

దాని ఫలితంగా 1998లో చార్ల్‌టన్ క్లబ్బు అతనికి సుమారు 10 లక్షల పౌండ్లు చెల్లించింది. 8 వేలతో మొదలైన వెల, పద్నాలుగేళ్ళ శ్రమకు, 33వ ఏట అంతకు పెరిగింది. అక్కడినుండి కథ వేగంగా దిగువకు ప్రవహిస్తుంది. 1999లో చార్ల్‌టన్ కిందికి దిగింది. అతడు బ్రాడ్‌ఫర్డ్ సిటీకి వెళ్ళి, 2000 మార్చిలో విగాన్‌కు మారాడు. రెండు నెలలకు బ్రాడ్‌ఫర్డ్ ఆఖరి దినాన ప్రీమియర్ లీగులో నిలదొక్కుకుంది. పిమ్మట హాలిఫాక్స్ టౌన్; ఆ క్లబ్బు 2002లో లీగునుండే వెలుపలికి పోయింది. తరువాత, అప్పుడే లీగులో ప్రవేశించిన బోస్టన్ యునైటెడ్. చివరగా 2004లో రాచ్‌డేల్. మొత్తం 13 లీగు క్లబ్బులు, 790 లీగు ఆటలు, 150కి పైగా గోల్స్. అటుపిమ్మట కూడా లీగు వెలుపలి చిన్న క్లబ్బులలో కొంతకాలం ఆడుతూనే ఉన్నాడు.

అంతటితో ముగిసి ఉంటే ఇది ఓర్పుగల కారీగరు కథ మాత్రమే అయ్యేది. ఆట విడిచిన తరువాత రెడ్‌ఫెర్న్ శిక్షకుడైనాడు. లీడ్స్ యునైటెడ్ క్లబ్బులో బాలురకు ఆట నేర్పుతూ, 2014 నవంబరులో పెద్ద జట్టుకే మేనేజరుగా నియమితుడైనాడు. ఆ పదవి 2015 మే వరకే సాగింది. అయితే 2015 ఏప్రిల్‌లో అతడు కాల్విన్ ఫిలిప్స్ అనే 19 ఏళ్ళ స్థానిక యువకుణ్ణి తొలిసారిగా పెద్ద జట్టులో దింపాడు. అతడూ మధ్యస్థానపు ఆటగాడే. 2021 జూలైలో యూరపు జాతీయ జట్ల పోటీ ఫైనల్ జరిగినప్పుడు ఇంగ్లండు జట్టు మధ్యభాగంలో ఫిలిప్స్ ఆడాడు. గురువుకు ఎన్నడూ లభించని జాతీయ జట్టు చొక్కా శిష్యుని వంటిపై కనబడింది. ఉస్తాదు అనిపించుకోవడానికి సొంత దుకాణం అవసరం లేదు. తనను మించిన షాగిర్దు ఒక్కడు చాలు.

విద్యార్థులలో ప్రథమశ్రేణి రాలేదని, కోరిన సీటు దొరకలేదని కుంగిపోయేవారిని మేము ఏటా చూస్తున్నాము. వారికి మేము అబద్ధపు ఆశ చెప్పదలచలేదు. శ్రమించిన ప్రతివాడికీ కిరీటం దక్కదు. పెనాల్టీ కొట్టి కప్పు తెచ్చినవాణ్ణి కూడా నాలుగు నెలలకు అమ్మివేసే లోకమిది. కాని వెళ్ళిన ప్రతి చోటా పనికివచ్చినవాణ్ణి మరొక చోటు పిలుస్తుంది. పదమూడు క్లబ్బులు ఒకని తరువాత ఒకటిగా ఒకే మనిషిని పిలవడాన్ని కొందరు నిలకడలేమి అంటారు. 790 సార్లు జట్టు జాబితాలో ఒకే పేరు వ్రాయబడటాన్ని మేము నిలకడ అంటాము.

కళాశాల కార్యవర్గ సభ్యులకు ఒక మనవి. వార్షికోత్సవంలో అధిక గోల్స్ చేసినవానికి మనం బహుమతి ఇస్తున్నాము, అది ఉండవలసినదే. దానితోపాటు, సంవత్సరం పొడవునా ఒక్కనాడైనా అభ్యాసం మానక, ఏ స్థానంలో నిలబెట్టినా కాదనక ఆడిన విద్యార్థికి కూడా ఒక చిన్న కప్పు ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాము. ఖర్చు స్వల్పం. వచ్చే సంవత్సరం జట్టు ఎంపిక దినాన, "మధ్యలో ఆడతాను, సార్" అని ఒక్క గొంతు వినిపించినా ఆ ఖర్చు సార్థకమైనట్లే.