పెరటి రేగుచెట్టు - వేసవి కత్తిరింపు



భోగినాడు పిల్లల తలమీద పోయడానికి రేగుపండ్లు కావాలి. పెరట్లో చెట్టు ఉండి కూడా వాటిని సంతలో కొనేవారున్నారు. "మా చెట్టు ముసలిదయింది, కాయ గోళీకాయంత కూడా ఊరడంలేదు, కొట్టించివేస్తామండీ" అంటారు. తొందరపడకండి. ఏటేటా కత్తిరిస్తే ఆ చెట్టే మళ్ళీ కాస్తుంది.

కారణమేమంటారా? రేగుకు పూత ఆ ఏడు వేసిన లేత రెమ్మలపైన, ఆకు మొదళ్ళలో వస్తుంది. కత్తిరించని చెట్టుకు కొత్త రెమ్మలు తక్కువ. చెట్టు గుబురై లోపలికి ఎండ దూరదు. కాయ చిన్నదవుతుంది.

కాపు ముగిసి చెట్టు ఆకు రాల్చిన తరువాత, అనగా ఏప్రిల్, మే నెలల్లో, నిరుటి రెమ్మలను సుమారు సగానికి కత్తిరించవలెను. ఎండినవి, నేలకు వాలినవి, ఒకదానినొకటి రాసుకొనేవి మొదలంటా తీసివేయండి. పెద్ద గాట్లకు బోర్డోపేస్టు పూయండి. తొలకరికి రెండు మూడు గంపల చివికిన పశువుల ఎరువు పాదులో వేయండి.

కాయ పుల్లగా ఉన్నదనేవారికి మరొక ఉపాయం. అటువంటి చెట్టు చాలావరకు గింజనుంచి మొలిచినదే. వేసవిలో మానును మోకాలి ఎత్తున కోయండి. వచ్చిన చిగుళ్ళలో బలమైనవి రెండు మూడు ఉంచి, పెన్సిలు లావయ్యాక, జూన్, జులై నెలల్లో ఉమ్రాన్, గోలా, కైథలీ వంటి మంచి రకపు కన్ను అంటుకట్టించండి. అంటుకు దిగువ వచ్చే చిగుళ్ళను ఎప్పటికప్పుడు గిల్లివేయాలి. ఉపేక్షించిన యెడల నాటుకొమ్మ బలిసి అంటు చచ్చిపోతుంది.

ఇక పండులో కనబడే తెల్లపురుగు సంగతి. అది పండుఈగ పిల్ల. రాలిన పండులోనుంచి మట్టిలోకి దూరి, అక్కడ గూడుకట్టి, మళ్ళీ ఈగై లేస్తుంది. గనుక రాలిన పండ్లను రోజూ ఏరి లోతుగా పూడ్చండి. వేసవిలో చెట్టు కింది మట్టి తిరగతవ్వితే గూళ్ళు పైకివచ్చి ఎండకు మాడతాయి, పక్షులు తింటాయి. ఇంటి చెట్టు కాయలను పిల్లలు కడగకుండానే నోట వేసుకుంటారు. మందుకు చేయి చాచేముందు ఈ పని చేయండి.

చివరగా ఒక్క మాట. కోసిన కంప పారవేయకండి. దొడ్డికి మంచి కంచె అవుతుంది.