కుంకుడు, చింతపండు, బూడిద: గృహశుద్ధి రసాయనము

ఇత్తడి బిందెకు పట్టిన చిలుము, వస్త్రమునకు అంటిన జిడ్డు, కుళాయి మూతి చుట్టును పేరుకొనిన తెల్లని పెచ్చు, ఈ మూడును మన కంటికి మురికియే యైనను, రసాయనశాస్త్ర దృష్టిలో వీనికి పరస్పర బంధుత్వము లేదు. చిలుము రాగియొక్క లవణము; జిడ్డు క్రొవ్వు; పెచ్చు సున్నపురాయి జాతికి చెందినది. అట్లుండగా సర్వమలినములకు ఒక్కటే ఔషధమను ప్రకటనలను విశ్వసించి, తలుపు మూసిన చిన్న స్నానాలగదిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఘాటును పనిమనిషి ఊపిరిలోనికి పంపుట న్యాయముగా తోచదు. మలినముయొక్క స్వభావమెరిగినచో, తగిన విరుగుడు తరచుగా వంటయింటిలోనే దొరకును.

జిడ్డునకు విరుగుడు కుంకుడుకాయ. దాని తొక్కలో సమృద్ధిగా నుండు సాపోనిన్ అణువునకు ఒక కొన చక్కెరజాతికి చెంది నీటిని కోరునది. రెండవ కొన నీటిని విడిచి నూనెను ఆశ్రయించునది. ఈ అణువులు నూనెబిందువును చుట్టుముట్టి, నూనెను కోరు కొనలను లోనికిని, నీటిని కోరు కొనలను వెలుపలికిని త్రిప్పి నిలుచుటచేత, ఆ బిందువు నూలుపోగును వీడి నీటివెంట కొట్టుకొనిపోవును. సబ్బు చేయు పనియు ఇదియే. కాని కాల్షియము, మెగ్నీషియము అధికముగా గల బోరునీటిలో సబ్బు కరగని తెట్టుగా మారి వ్యర్థమగుచుండగా, కుంకుడు రసము అట్లు తెట్టుకట్టదు. పైగా సబ్బునకు గల క్షారగుణము దీనికి లేదు, ఇది కొంచెము ఆమ్లగుణము గలది. పట్టుచీరలను మన పెద్దలు దీనితోనే ఉతికించుట ఎంతయు యుక్తము.

గింజలు తీసిన పదిపండ్రెండు కాయల తొక్కను ఒక లీటరు నీటిలో రాత్రి నానబెట్టి, మరునాడు పావుగంట మరగించి, చల్లారిన పిమ్మట పిసికి వడగట్టవలెను. చెట్టునుండి వచ్చినదగుటచేత ఇది నిరపాయమని మాత్రము తలపరాదు. కంటబడిన తీవ్రమైన మంట పుట్టును; సాపోనిన్ చేపలకు విషము గనుక ఈ నీటిని చెరువులో గుమ్మరింపరాదు. కొద్దిదినములలోనే పులిసిపోవును గావున ఎప్పటికప్పుడు కొంచెముగా కాచుకొనుట మేలు.

చిలుమునకు చింతపండు. అందలి టార్టారిక్ ఆమ్లము రాగిమీది నల్లని ఆక్సైడును, పచ్చని చిలుమును నీటిలో కరగు లవణములుగా మార్చి, అడుగున నున్న లోహమును బయటపెట్టును; చిటికెడు ఉప్పు చేర్చిన ఈ పని త్వరపడును. తోమిన పాత్రను వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడవవలెను.

కట్టెబూడిదలో పొటాషియం కార్బనేటు గలదు. జిడ్డుపాత్రపై తడిబూడిద రుద్దినపుడు ఈ క్షారము క్రొవ్వులో కొంతభాగమును అక్కడికక్కడే సబ్బుగా మార్చును. క్రొవ్వుల నిర్మాణమును, అవి సబ్బగు విధమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షెవ్రేల్ 1823లో ప్రకటించిన గ్రంథమున విశదీకరించెను; మన యిల్లాండ్ర చేతులు ఆ పనిని అంతకు తరతరముల పూర్వమునుండియు చేయుచునే యుండెను. అల్యూమినియము గిన్నెలకు మాత్రము బూడిద తగదు, క్షారము ఆ లోహమును తినివేయును.

కుళాయి పెచ్చునకు వెనిగరుగాని నిమ్మరసముగాని చాలును. అందు తడిపిన గుడ్డను గంటసేపు చుట్టియుంచిన పెచ్చు మెత్తబడి ఊడివచ్చును. కాని కడపబండలు, తాండూరు బండలు, చలువరాయి పరచిన నేలపై ఈ పులుసులు ఒలికినచో, అవియు సున్నపురాతి కుటుంబమువే గనుక, మెరుపు చెడి గరుకుబారును. అట్టి నేలకు పలుచని కుంకుడు నీరే ఉత్తమము. వెనిగరును వంటసోడాను కలిపి వాడు వాడుక ఈ నడుమ ప్రబలినది. బుసబుస పొంగు ఆ నురుగు కేవలము బొగ్గుపులుసు వాయువు, అది అణగిన పిదప ఆమ్లమును క్షారమును పరస్పరము హరించుకొని సోడియం ఎసిటేటు కలిసిన నీరు మిగులును. రెండింటిని విడివిడిగా వాడుటయే ప్రయోజనకరము.

ఇంట విరేచనముల రోగి యున్నపుడు వీనిలో నేదియు చాలదు. సూక్ష్మజీవులను చంపుటకు బ్లీచింగ్ పౌడరు నీరే శరణ్యము. దానిని నిమ్మరసముతోగాని, వెనిగరుతోగాని, పాయిఖానా యాసిడ్‌తోగాని కలిపినచో ఊపిరితిత్తులను కాల్చు క్లోరిన్ వాయువు వెలువడును గావున, ఆ డబ్బాను పులుసులన్నింటికిని దూరముగా, పిల్లలకందని ఎత్తున ఉంచవలెను.