ఇంటి బల్లపై పనితెర

2020 జనవరిలో వరంగల్లు చెంతనున్న మడికొండలో టెక్ మహీంద్ర, సయెంట్ సంస్థల కార్యాలయములు ప్రారంభమైనవి. మూడు నెలలైనను నిండకముందే కరోనా వ్యాధి మూలమున దేశమంతటను రాకపోకలు నిలిచి, ఉద్యోగుల ఇండ్లే కార్యాలయములైనవి. హైదరాబాదునుండి హనుమకొండకు, కాజీపేటకు తిరిగివచ్చిన యువతీయువకులు భోజనపు బల్లమీదను, మంచముమీదను లాప్‌టాప్ పెట్టుకొని పనిచేసిరి. ఆ అలవాటు పలువురకు నేటికిని కొంత మిగిలియున్నది. దానితోపాటు మెడనొప్పియు మిగిలినది.

ఈ నొప్పికి కారణము తెలియనిది కాదు. లాప్‌టాప్‌లో తెరయు, మీటలపలకయు ఒకదానికొకటి అతుకబడి యుండును. చేతులకు అనువైన ఎత్తున నుంచినచో తెర క్రిందికి పోయి తల వంగును. తెరను కంటికెదురుగా ఎత్తినచో మోచేతులకు ఆధారముండదు. అందుచేత గంటలకొలది పనిచేయువారికి వేరుగా ఒక మానిటరు కావలెను.

ఇంట నున్న 32 అంగుళముల టెలివిజను చాలదా యని కొందరడుగుదురు. ఖర్చు తప్పునుగదా! ఇచట కొంచెము లెక్క చూడవలెను. తెరపై బొమ్మ యంతయు పిక్సెళ్లు అను చిన్న చుక్కలతో ఏర్పడును. ఆరోగ్యముగల కన్ను సుమారు డిగ్రీలో 60వ వంతు కోణము చేయు వివరమును గుర్తింపగలదు. 60 సెంటీమీటర్ల దూరమున, అనగా చేయి చాచినంత దూరమున, అది 0.17 మిల్లీమీటరు మాత్రమే. అడ్డముగా 1366 చుక్కలుగల 32 అంగుళముల టెలివిజనులో ఒక్కొక్క చుక్క 0.52 మిల్లీమీటరు. గదికి ఆవలి గోడనుండి సినిమా చూచుటకు అది చక్కగా సరిపోవును. బల్లపై పెట్టుకొని చదువబోయినచో అక్షరముల అంచులు మెట్లుమెట్లుగా కనబడును. ద, ధ, థ ల భేదమంతయు ఒక చిన్న గీతలోను, చుక్కలోను ఉన్న మన లిపికి ఇది మరింత కష్టము.

దుకాణములో అంగుళముల మాటయే ముందు వినబడును. అది తెరకు మూలనుండి మూలకుగల కొలత మాత్రమే. అడ్డముగా 1920 చుక్కలున్నచో 24 అంగుళముల తెరలో చుక్క 0.28 మిల్లీమీటరు; అన్నియే చుక్కలను 27 అంగుళములకు సాగదీసినచో 0.31. అక్షరము పెద్దదగునే కాని అదనముగా ఒక్క మాటయైన పట్టదు. 27 అంగుళములే కావలెనన్నచో 2560 చుక్కలది కొనుట మేలు; అందు చుక్క 0.23. 3840 చుక్కలది ఇంకను నున్నగా నుండును గాని, పాత లాప్‌టాప్‌లోని హెచ్‌డీఎమ్‌ఐ 1.4 మార్గము దానికి సెకనుకు 30 చిత్రములనే అందింపగలదు. అప్పుడు మౌస్ గుర్తు కుంటుచు నడచును.

ఇక వెలుతురు. మన ఎండకు కిటికీ వెనుకనున్నచో తెర అద్దమగును, ఎదుటనున్నచో కన్ను జిగేలుమనును. కిటికీ ప్రక్కకు వచ్చునట్లు బల్లను త్రిప్పవలెను. తెర ప్రక్క తెల్లకాగితము నుంచి, రెంటి తెలుపును ఇంచుమించు సమమగువరకు వెలుగు తగ్గింపవచ్చును. తెర పైయంచు కంటిమట్టమునకు గాని, కొంచెము దిగువకు గాని ఉండవలెను. రెండు చూపుల కళ్లద్దములవారికి ఇంకను దిగువకు. ఎత్తు మార్చు పీఠము లేనిచో లావుపాటి నిఘంటువులు రెండు చాలును.

ఎంత మంచి తెరయైనను దానినే చూచువాడు రెప్పవేయుట తగ్గించును. కన్ను ఆరి మండును. 20 నిమిషముల కొకసారి 20 అడుగుల దూరమును 20 సెకనులు చూడుమని కంటివైద్యులు చెప్పుదురు. మన గదులలో అంత దూరము దొరకదు. కిటికీ అవతలి వేపచెట్టు ఉపయోగపడును.

కొనబోవునపుడు తన లాప్‌టాప్‌ను వెంట తీసికొనిపోయి, దుకాణములోనే దానికి తగిలించి, తెలుగు పుట యొకటి తెరచి, చేయి చాచినంత దూరమున కూర్చుండి చదివి చూడవలెను. అమ్మువాడు మెరయు రంగుల బొమ్మలు చూపబోయినను, ఆ పుటను మూయనక్కరలేదు.